ఐదున్నర బస్సు కోసం కోసేసిన తొమ్మిది నిమిషాలు

మా సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు గేట్ కీపరుగా పనిచేసిన మనిషి ఒక్క సినిమా కూడా ఆఖరు దాకా చూడలేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. రోజుకు నాలుగు ఆటలు, టికెట్టు అక్కర్లేదు, అడ్డుకునేవాడు లేడు, అయినా చూడలేదా అంటారు. చూడలేదు. అందుకు కారణం నేనే. ఉద్యోగం మానేసి తీరుబడిగా వెనక్కి తిరిగి చూసుకుంటే, నా పనితనం గొప్పా కాదా అనేది ఈ ఒక్క సంగతిలోనే తేలిపోతుందనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

హాలియాలో మాది ఒంటి తెర హాలు. ఆపరేటరుగా చేరి, మేనేజరునై, చివరి రోజుల్లో రెండు పనులూ నేనే చేశాను. కాలువ వెంట ఊళ్ళవాళ్ళు మార్కెట్టుకు వచ్చి, పని ముగించుకుని, మ్యాట్నీ చూసి, ఐదున్నర బస్సెక్కి ఇళ్ళకు పోయేవారు. ఆ బస్సు తప్పితే వాళ్ళ ఊళ్ళ దిక్కు ఇంక బండి లేదు. మా మ్యాట్నీ రెండున్నరకని బోర్డు మీద ఉండేది గాని, జనం కూడేసరికి మూడయ్యేది. ఇక ఎంత చిన్న సినిమా అయినా బస్సు టైముకు పది నిమిషాలు మిగిలిపోయేది.

దానికి మేమొక ఏర్పాటు చేసుకున్నాం. బస్సు సరిగ్గా హాలు ముందే ఆగేది. మొదటి హారనుకు గేట్ కీపరు తలుపుల గడియలు లాగేవాడు. రెండో హారనుకు నేను బొమ్మ ఆపి లైట్లు వేసేవాణ్ణి. మూడో హారను మోగేటప్పటికి హాలు ఖాళీ. కండక్టర్లు మారారు, డ్రైవర్లు మారారు, హారన్లు మాత్రం మూడే. జనం కూడా దానికి అలవాటుపడి, విలన్ కిందపడగానే చెప్పులు వెతుక్కునేవారు.

రీళ్ళ కాలంలో కొంచెం తెలివి చూపించేవాణ్ణి. సినిమా మంచిదైతే మధ్యలో ఒక పాట తీసేసి ఆఖరు మిగిల్చేవాణ్ణి. ఏ పాట ఎగ్గొడితే ఎవరూ అడగరో నాకు తెలిసినంత బాగా ఆ సినిమా తీసినవాడికి కూడా తెలియదని అప్పట్లో గర్వంగా ఉండేది. కంప్యూటర్ మిషను వచ్చాక ఆ వీలు పోయింది. మధ్యలో ఏదీ కొయ్యనివ్వదు. ఆపితే ఆగుతుంది, అంతే. అప్పటి నుంచి మా మ్యాట్నీలో కోత ఎప్పుడూ తోకకే పడింది. దానికి నేనేం బాధపడలేదు. విలన్ పోయాక మిగిలేది పెళ్ళి ఫోటోయే కదా అనుకునేవాణ్ణి.

మిగతా ఆటల్లోనైనా గేట్ కీపరు ఆఖరు చూడొచ్చు కదా అంటారేమో. ఆ పది నిమిషాలు అతను బండ్ల స్టాండు దగ్గర ఉండాలి, టోకెన్లు చూసి బండ్లు వదలాలి. ఆ డ్యూటీ వేసింది కూడా నేనే.

అతను నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను 'అన్నా' అనేవాణ్ణి, అతను 'సారూ' అనేవాడు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు అతని భార్య పోయింది. ఆమెను అంబులెన్సులో తీసుకుపోయిన నాలుగో రోజు, ప్లాస్టిక్ కవరులో చుట్టి, దూరం నుంచి చూపించారు. హాళ్ళు మళ్ళీ తెరిచినప్పుడు అతను పనికి వచ్చాడు గాని మనిషి సగమయ్యాడు. జేబులో ఎప్పుడూ మోగుతుండే ఫోను ఒకటి కొత్తగా చేరింది. దాని నిండా వీడియోలు. కరోనా టీకా సూది వేయించుకున్నవాళ్ళు రెండేళ్ళలో పోతారని ఒకటి, సూదిలో ఏదో నంబరు ఎక్కిస్తారని ఒకటి.

అతనికి షుగరు. రోజూ కొన్ని వందల చేతుల నుంచి టికెట్లు తీసుకుంటాడు. ఆ రోగం అంటుకుంటే ఈ మనిషి దక్కడని నాకు భయం. ఆ భయాన్ని నేను ఎగతాళిగా మార్చి మాట్లాడేవాణ్ణి. ఒకరోజు క్యాంటీను దగ్గర అందరి ముందూ, "అన్నా, నీ నంబరు ఎవరికి కావాలె? నీ ఫోను నంబరే ఎవ్వరు అడుగరు" అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. మర్నాటి నుంచి నా దగ్గర ఆ మాట ఎత్తడం మానేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అని అతన్ని తిట్టుకున్నాను.

అప్పుడే మా హాలుకు ఆ సినిమా వచ్చింది. పెద్ద హీరోల సినిమాలన్నీ వాయిదా పడ్డాయి, డిస్ట్రిబ్యూటరు చేతిలో ఉన్నది పంపాడు. పోస్టరు మీద తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. కథ ఏమిటంటే, ఒక ఊళ్ళో కొత్తగా వీధి దీపాలు వేస్తారు. ఆ దీపాలు ఆకాశంలో ఎవరికో సైగ చేస్తున్నాయని ముగ్గురు నమ్ముతారు. దీపాలన్నీ పగలగొడతారు, బాగు చెయ్యడానికి వచ్చిన ఇంజినీరును కోళ్ళ షెడ్డులో కట్టేస్తారు. అతన్ని వాళ్ళు అడిగే ప్రశ్నలకు కడుపు చెక్కలవ్వాల్సిందే. గుడ్లు తినిపించి, తిన్నాక నాలుక రంగు చూసి ఏ గ్రహంవాడో తేలుస్తారు.

శుక్రవారం పొద్దుటాట ప్రొజెక్టరు గదిలోంచి చూస్తూ నాకొక ఆలోచన వచ్చింది. హాలంతా ఆ ముగ్గురినీ చూసి నవ్వుతుంటే, తలుపు దగ్గర నిలబడ్డ మా అన్నకు సిగ్గొస్తుంది. ఆ సిగ్గుతో సోమవారం సర్కారు దవాఖానకు నా వెంట వస్తాడు. నాకప్పటికే రెండు సూదులూ అయ్యాయి. నాకేం కాలేదు కదా, చూడు అని చాలాసార్లు చెప్పి ఉన్నాను.

పొద్దుటాటకు వచ్చినవాళ్ళు కాలేజీ పిల్లలు. వాళ్ళు ప్రతి మాటకూ పడిపడి నవ్వారు. ఆ నవ్వుల్లో సగం డైలాగులు వినపడలేదు. నాకు సంబరమైంది. మ్యాట్నీకి మాత్రం సంగతి వేరుగా ఉంది. అవే మాటలు, అవే గుడ్లు, ఎవరూ నవ్వలేదు. కుర్చీల్లో ముందుకు వంగి చూస్తున్నారు. ఇంజినీరు, "మీకు చదువు లేదు, చెప్పినా అర్థం కాదు" అన్నప్పుడు కింది క్లాసులో ఎవరో గట్టిగా తిట్టారు. ఆ ముగ్గురిలో ఒకామె, "అడిగితే చెప్పరు, చెప్పకుండానే నమ్మమంటరు" అన్నప్పుడు ఈల పడింది. హీరో లేని సినిమాకు ఈల పడటం నేను చూడటం అదే మొదలు. ఏ నవ్వు ఎక్కడ వస్తుందో ముందే చెప్పగల మొనగాణ్ణని నా నమ్మకం. ఆ రోజు ఒక్కటీ కుదరలేదు.

ఐదూ ఇరవైకి తెర మీద నిజంగానే ఆకాశం నుంచి ఓడ దిగింది. ముగ్గురు పిచ్చివాళ్ళూ చెప్పింది నిజమైంది! హాలు లేచి నిలబడింది. చప్పట్లు, కేకలు, చింపిన టికెట్టు ముక్కలు గాలిలోకి. సరిగ్గా అప్పుడే మొదటి హారను మోగింది. అన్న గడియలు లాగాడు. రెండో హారనుకు నేను ఆపేశాను. మామూలే. అప్పటికి ఆ సినిమాకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

ఆ తొమ్మిది నిమిషాల్లో ఏముందంటే, అదే చీకట్లో ఆ ముగ్గురిలో ఒకడి కూతురిని పాము కరుస్తుంది. అంబులెన్సు వస్తుంది, వీధి దీపాలు లేక ఊరు కనపడక, రెండుసార్లు అదే రోడ్డు మీంచి వెళ్ళిపోతుంది. ఊరి మీదకు దిగివచ్చిన ఓడ కూడా కింద వెలుగు లేదని చూసి, ఇక్కడ మనుషులు లేరనుకుని మళ్ళిపోతుంది. ఆ తండ్రి ఫోను లైటు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉండగా బొమ్మ అయిపోతుంది. ఆ రాత్రి ఫస్ట్ షో విడిచాక ఒక స్కూలు టీచరు నా దగ్గరికొచ్చి, "అంతసేపు నవ్వి తప్పు చేసినట్టుందండీ" అని వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నచ్చింది గాని, మర్నాడు మ్యాట్నీలో మళ్ళీ అక్కడే ఆపాను. ఆదివారమూ అంతే. చెయ్యి దానంతటదే బటను మీదకు పోయేది.

సోమవారం పొద్దున అన్నను బండెక్కమన్నాను. ఎక్కలేదు.

"నేను రాను సారూ. సినిమాల జూడలేదా? గా ముగ్గురిని ఊరంత పిచ్చోళ్ళన్నరు. ఆఖరుకు ఏమైంది? ఓడ దిగింది గద!"

"అది ఆఖరు కాదన్నా. ఇంకా ఉంది" అని మిగిలిన కథ చెప్పాను. పాము, అంబులెన్సు, చీకటి అన్నీ చెప్పాను. అతను నా ముఖంలోకి చూసి మెల్లగా అన్నాడు.

"నాకోసం మంచిగనే అల్లినవు సారూ."

ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన మనిషి నేను చెప్పిన నిజాన్ని అబద్ధమనుకున్నాడు. అతని తప్పేముంది? అబద్ధంలాగే ఉంది మరి.

మర్నాడు బస్సు కండక్టరు టీ తాగడానికి దిగింది. ముప్పై దాటిన చలాకీ మనిషి. "సార్, మీ సినిమా ఏందోగాని బస్సుల రోజూ పంచాయితే" అంది.

"ఏం పంచాయితి బిడ్డా?"

"ఓడ దిగినంక ఏమైతదని. ఒకాయన గా ముగ్గురిని ఓడల ఎక్కించుకపోయిండ్రంటడు, ఒకామె ఇంజినీరుకు శిక్ష పడ్డదంటది. ఎవలకు తోచింది వాళ్ళు చెప్తున్నరు. నిన్న ఒక ముసలాయన లేచి, 'జూసిండ్రా, సూది గురించి చెప్పేటోళ్ళది గూడ గిట్లనే ఒకనాడు నిజమైతది' అన్నడు. బస్సంత అవునవునన్నరు. నాకైతె భయమైంది సార్. రేపు మా వాళ్ళకు రెండో సూది ఉంది."

చేతిలో టీ చల్లారిపోయింది. అప్పటిదాకా నేను ఒక్క మనిషి గురించే ఆలోచిస్తున్నాను. నాలుగు రోజుల నుంచి బస్సుల కొద్దీ జనాన్ని సగం కథతో ఊళ్ళకు పంపిస్తున్నాను. గురువారంతో సినిమా పోతుంది. సిగ్గు విడిచి ఆమెనే అడిగాను.

"గురువారం బస్సును ఒక్క పది నిమిషాలు ఆపగలవా?"

"అమ్మో! టైము రాసుకుంటరు సార్." టీ గ్లాసు కింద పెట్టి, "స్టెప్నీ జూస్తున్నమని చెప్త తియ్. డ్రైవరన్నను నేను ఒప్పిస్త. గని నేను గూడ లోపలికొచ్చి జూస్త" అంది.

గురువారం ఆట మొదలయ్యే ముందు అన్న చేతిలోంచి టికెట్ల కట్ట తీసుకుని, బాల్కనీ మొదటి వరుసలో కూర్చోమన్నాను. "నన్నెందుకు సారూ?" అని చాలాసేపు గింజుకున్నాడు. కూర్చున్నాక కూడా హారను కోసం చెవులు రిక్కించే ఉన్నాడు. మ్యాట్నీలో తలుపుల దగ్గర ఆ రోజు నేను నిలబడ్డాను. ముప్పై ఏళ్ళలో తలుపు దగ్గర నుంచి సినిమా ఎలా కనపడుతుందో మొదటిసారి చూశాను. సగం తెర స్తంభం వెనక ఉంటుంది.

ఓడ దిగింది. చప్పట్లు. హారను మోగలేదు. గడియలు నేను లాగలేదు. బొమ్మ ఆగలేదు, లైట్లు వెలగలేదు.

జనం లేచారు. చప్పట్లు కొడుతూనే చెప్పులు వెతుక్కుని తలుపుల మీదకు వచ్చారు.

"కూచోండ్రి! సినిమా ఐపోలే! బస్సు పోదు, ఆగుతది!" అని అరిచాను.

"తలుపు తియ్ సారూ, బస్సు పోతది" అని నెట్టారు. బస్సు ఎదురుగా ఆగే ఉంది, కండక్టరు లోపలికొచ్చి నా పక్కనే నిలబడి, "నేనే ఈడున్న, యాడికి పోతది?" అని మొత్తుకుంది. వినలేదు. గడియ వాళ్ళే లాక్కుని పరుగులు పెట్టి బస్సులో కూర్చున్నారు. బస్సు కదలక, కిటికీల్లోంచి మమ్మల్నే చూస్తూ తొమ్మిది నిమిషాలూ అలాగే కూర్చున్నారు. ఒకడు హారను కూడా కొట్టాడు. వాళ్ళకు ముప్పై ఏళ్ళు నేను నేర్పిన చదువు అది. ఒక్క రోజులో మరిచిపోతారా? హాల్లో మిగిలింది పది పన్నెండు మంది. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

అన్న మాత్రం కదల్లేదు. బొమ్మ అయిపోయి, పేర్లు పడి, తెర తెల్లబడే దాకా కూర్చున్నాడు. నేను పైకి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటాడు, నేను గెలిచాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలాగే అనుకున్నాను.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు సారూ" అన్నాడు. తెర వైపే చూస్తూ మళ్ళీ అన్నాడు. "నా ఇంటిదాన్ని గూడ గసొంటి బండిలనే తోల్కపోయిండ్రు. నాలుగు దినాలు గేటు కాడ కూసున్న. ఏం సూది ఇచ్చిండ్రో, ఎప్పుడు పాణం పోయిందో, ఒక్కలు గూడ చెప్పలే. అడిగితే కసిరిండ్రు. చెప్పనోడు ఏదో దాస్తున్నడనే గద సారూ?"

నేను కుర్చీలో అతని వైపుకు తిరిగాను.

"ఫోన్ల వీడియోలోడు నాకు అన్నీ చెప్పిండు సారూ. తప్పో ఒప్పో, కూసోబెట్టి చెప్పిండు. నువ్వు నవ్వినవు." అతని గొంతులో కోపం లేదు. "నువ్వు గూడ ఇన్నేండ్లు ఆఖరుకు ఏమైతదో చెప్పకుంటనే జనాన్ని తోల్తివి గద."

ఆ మాట నన్ను ఎంతగా పొడిచిందో మీకు చెప్పలేను. చాలా ఏళ్ళ తర్వాత ఆ రోజు ఏడ్చాను, అతని ముందే. అతను కంగారుపడి, "ఊకో సారూ, ఊకో" అని నా వీపు మీద చెయ్యి వేశాడు.

ఆ వారం సూది మాట ఎత్తలేదు. అతన్ని బండి మీద ఎక్కించుకుని, ఆమె పోయిన దవాఖానకే తీసుకెళ్ళాను. అది ఏ ఊళ్ళో ఉందో రాయను. ఆమె పోయిన నెలలో అక్కడ పనిచేసినవాళ్ళకు కూడా తిండీ నిద్రా లేవు. రెండు రోజులు తిరిగాక ఒక డాక్టరమ్మ కాగితాలు తీయించి, మమ్మల్ని కూర్చోబెట్టి మొదటి నుంచి చదివింది. ఏ మందు, ఎన్ని గంటలకు, ఎందుకు, ఆక్సిజన్ ఎక్కడ దాకా పనిచేసింది, ఎక్కడ పనిచెయ్యలేదు. అన్న మధ్యలో ఆపి ఆపి అడిగాడు, ఆమె విసుక్కోకుండా చెప్పింది. బయటికి వస్తుంటే ఒక నర్సమ్మ, "ఆమె ఇంటాయన మీరేనా? మీకు షుగర్ గోలీలు యాదిజేసేటోళ్ళు ఎవరూ లేరని చాన పరేషానైంది పెద్దమ్మ" అంది.

ఆమెకు నిజంగా గుర్తుందో, మా ముఖాలు చూసి అలా అన్నదో నాకు తెలియదు. అన్నిటినీ అనుమానించే మనిషి ఆ ఒక్క మాటను అనుమానించలేదు. నేనూ అడగలేదు. తర్వాతి సోమవారం తనే వచ్చి నా బండెక్కాడు. "ఫోన్లోడు చెప్పింది అబద్ధమని నేను అంటలే. జర భయమే ఉంది. నువ్వు పక్కన నిలబడు" అన్నాడు. సూది పడ్డప్పుడు నా వేలు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ స్నేహంలో అతని చెయ్యి అంత బరువుందని నాకు తెలియదు.

ఆ ఐదున్నర బస్సులో పోయినవాళ్ళ సంగతి మాత్రం నాకు ఇవాళ్టికీ తెలియదు. లేచి మాట్లాడిన ఆ ముసలాయనది ఏ ఊరో కండక్టరును అడిగాను, తనకూ గుర్తులేదంది. రెండోసారి అంత జనాన్ని కూర్చోబెట్టే అవకాశం నాకు రాలేదు. మీరు ఏ పని చేసినా, బడిలో గాని, బ్యాంకులో గాని, దవాఖానలో గాని, టైమైపోయిందని లైట్లు వేసే ముందు ఒకసారి ఎదుటివాళ్ళ ముఖాలు చూడండి. ఇంతకంటే చెప్పే అర్హత నాకు లేదు.

హాలు ఇప్పుడు ఫంక్షను హాలైంది. అన్న ఆదివారాలు మా ఇంటికి వస్తాడు. సినిమా పెట్టమంటాడు, టీవీలో పెడతాను. కథ అయిపోయి పేర్లు పడగానే నా చెయ్యి రిమోటు మీదకు పోతుంది. అన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

"ఉండు సారూ. ఇంకేమన్న ఉందేమో."

ఇద్దరం తెర నల్లబడే దాకా కూర్చుంటాం.